కింది గట్టు, పై గట్టు: పారిస్ నదీతీర రోడ్డు మూసివేతపై ఒక కేస్ స్టడీ

పారిస్‌లో పోన్ మారీ వంతెన మీద నిలబడి చూస్తే సెన్ నది కుడి గట్టు రెండంతస్తులుగా కనిపిస్తుంది. పై అంతస్తులో కార్లు, బస్సులు, సిగ్నళ్లు. ఎత్తయిన రాతిగోడ దిగితే కింది అంతస్తు, దాని పక్కనే నీళ్లు. అక్కడ ఇప్పుడు పిల్లలు సైకిలు నేర్చుకుంటారు, పెద్దవాళ్లు చెక్క బల్లల మీద ఎండ కాచుకుంటారు. అయినా ఆ నేల తన పాత ఉద్యోగాన్ని మరచిపోలేదు. కార్లు ఎక్కి దిగిన ర్యాంపులు ఉన్నాయి, సొరంగంలోకి వంగే ఆ పొడవాటి మలుపూ ఉంది. 2016 వేసవి దాకా రోజుకు సుమారు 43,000 వాహనాలు నడిచిన ఎక్స్‌ప్రెస్ రోడ్డు అది.

రోడ్లు మూయడం, మళ్లించడం, మూసినవాటిని తిరిగి తెరవడం నా వృత్తి. నదీతీర రోడ్డును పాదచారులకు ఇద్దామని ఏ నగరం అనుకున్నా మొదటి సమావేశంలోనే తెర మీదికి వచ్చేది పారిస్ ఫోటో. ఆ ఫోటో చూడముచ్చటగా ఉంటుంది. దాని వెనక పట్టిన ఇరవై ఏళ్లు, కోర్టులో ఎదురైన ఓటమి, పై గట్టు మీద పెరిగిన హోరు మాత్రం చిత్రంలో పడవు. ఈ కేసును నేను పదేపదే తిరగేసేది వాటి కోసమే.

గుమ్మం లేని రోడ్డు

కుడి గట్టు ఎక్స్‌ప్రెస్ రోడ్డు 1967 డిసెంబరులో పూర్తయింది. నగరాన్ని పడమటి కొస నుంచి తూర్పు కొస దాకా దాటించే 13 కిలోమీటర్ల దారి. వాహనాలు తూర్పు దిక్కుకే వెళ్లాలి. అప్పుడు ప్రధానిగా ఉన్న జార్జ్ పాంపిడూ పేరే తరవాత దానికి పెట్టారు. నగరం నడిబొడ్డున, నోత్ర్‌దామ్ చర్చికి ఎదురుగా, పడవల సరుకు దిగే రేవు మీద ఎక్స్‌ప్రెస్ రోడ్డు వేయాలని ఎలా తోచిందో అని ఈరోజు అనిపిస్తుంది. ఆ కాలంలో అది తెలివైన పనిగానే తోచింది. రేవుల్లో సరుకు తగ్గుతోంది, కార్లు పెరుగుతున్నాయి, ఖాళీ నేల ఉచితంగా దొరికింది. ఎడమ గట్టు మీద కూడా నోత్ర్‌దామ్ పక్క నుంచి ఇలాంటి రోడ్డే లాగాలనుకున్నారు. 1974లో అధ్యక్షుడైన జిస్కార్ దెస్తాన్ ఆ పథకాన్ని ఆపేశారు.

ఏ వీధిని మూయాలన్నా నేను ముందు చేసే పని ఒకటే: ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి గుమ్మాలు లెక్కపెట్టడం. ఒక్కో గుమ్మం వెనక సరుకు దింపే బండి, చెత్త లారీ, నడవలేని ముసలివాళ్ల కోసం వచ్చే టాక్సీ ఉంటాయి. మూసివేతలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. ట్రాఫిక్ లెక్క సరిగ్గా ఉన్నా, ఉదయం ఆరింటికి బండి ఎక్కడ ఆగాలో తేలక పథకం మూలపడుతుంది. పారిస్ కింది గట్టు మీద గుమ్మాల లెక్క దాదాపు సున్నా. ఒక పక్క గోడ, ఒక పక్క నీళ్లు. ఇళ్లు, దుకాణాలు, వాటి చిరునామాలు అన్నీ పై గట్టు మీదే. కింద నడిచిందంతా దాటిపోయే ట్రాఫికే. ఈ ఒక్క సంగతి గమనించకుండా పారిస్ నమూనాను ఇళ్లూ దుకాణాలూ ఉన్న నదీతీర వీధికి తెచ్చి అతికిస్తే, పోలికే తప్పుతుంది.

ముందు ఆదివారం, తరవాత ఆగస్టు

ఈ కథను అందరూ 2016 సెప్టెంబరుతో మొదలుపెడతారు. నిజానికి మూసివేత అంతకు ఇరవై ఏళ్ల ముందే మొదలైంది. 1990ల మధ్య నుంచి ఆదివారాలు గట్టు రోడ్లను కార్లకు మూసి నడిచేవాళ్లకు, సైకిళ్లకు వదిలారు. 2002లో మేయర్ బెర్‌ట్రాన్ డెలనోయే ఇంకో అడుగు వేశారు. ఎండాకాలంలో కొన్ని వారాల పాటు కుడి గట్టు రోడ్డును పూర్తిగా ఆపి, ఇసుక పోసి, ఈతచెట్ల కుండీలు, పడక కుర్చీలు వేయించారు. దాని పేరు పారిస్ ప్లాజ్. మొదట్లో నవ్వినవాళ్లున్నారు. కానీ వేసవి సెలవుల్లో పారిస్ సగం ఖాళీ అవుతుంది, ట్రాఫిక్ పలచబడుతుంది. మూసివేత వల్ల కలిగే నొప్పి అతి తక్కువగా ఉండే నెలను ఎంచుకుని, సంతోషం అతి ఎక్కువగా కనిపించేలా చేశారు. ఇది ఇంజినీరు బుర్రకు తట్టే ఆలోచన కాదు, రాజకీయ నాయకుడికి తట్టేది. అందుకు నాకు కొంచెం అసూయ కూడా ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన అడుగు 2012 నాటిది. ఫోటోల్లో అది కనిపించదు. కుడి గట్టు రోడ్డు తూర్పు భాగంలో సిగ్నళ్లు, పాదచారులు దాటే చారలు పెట్టారు. అంతే. చూడటానికి చిన్న పని. ఆగకుండా సాగే రోడ్డు మీద ఒక్కో వరుసలో గంటకు దాదాపు 1,800 నుంచి 2,000 కార్లు వెళ్లగలవు. మధ్యలో సిగ్నల్ పెట్టి సగం సమయం ఎర్రదీపం చూపిస్తే ఆ సంఖ్య సగానికి దిగుతుంది. సిగ్నల్ ఎంతసేపు పచ్చగా ఉంటే రోడ్డు అంత వెడల్పు అన్నమాట. గోడ కట్టకుండా, గొడవ లేకుండా రోడ్డును సన్నబరచవచ్చు, కావాలంటే రాత్రికి రాత్రి తిరిగి వెడల్పు చేయవచ్చు. అంతకన్నా పెద్ద మార్పు డ్రైవరు మనసులో జరుగుతుంది. సిగ్నల్ లేని దారిని అతను రహదారి అనుకుంటాడు; ఎర్రదీపం దగ్గర ఒక తల్లి పిల్లవాడి చెయ్యి పట్టుకుని దాటుతుంటే ఆగిన రోజు నుంచి అది అతనికి వీధి.

2013లో ఎడమ గట్టు వంతు వచ్చింది. ఓర్సే మ్యూజియం నుంచి అల్మా వంతెన దాకా 2.3 కిలోమీటర్లు శాశ్వతంగా పాదచారుల పరమైంది. ఆ పక్క ట్రాఫిక్ తక్కువ కాబట్టి పెద్దగా కలకలం లేదు. ఇక 2016 వేసవిలో పారిస్ ప్లాజ్ ముగిసింది, ఇసుక ఎత్తేశారు, రోడ్డు మాత్రం తెరవలేదు. త్విలరీ సొరంగం నుంచి ఆర్సెనాల్ రేవు దగ్గరి హెన్రీ నాలుగు సొరంగం దాకా 3.3 కిలోమీటర్లు. సెప్టెంబరు 26న నగర కౌన్సిల్ ఓటు వేసింది. తెరిచి ఉన్న రోడ్డును మూయడానికీ, మూసి ఉన్నదాన్ని తెరవకుండా ఉంచడానికీ ఎంత తేడా ఉందో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2017 ఏప్రిల్‌లో రెండు గట్లూ కలిపి ఏడు కిలోమీటర్ల పార్కుగా ప్రారంభించారు.

నలభై మూడు వేలు ఎటు పోయాయి

ట్రాఫిక్‌ను నీటితో పోల్చడం అందరికీ అలవాటు. ఒక కాలువ మూస్తే పక్క కాలువ పొంగుతుందంటారు. సగం నిజం. నీటికి ఇంట్లో ఉండిపోవడం, రైలెక్కడం, పనిని రేపటికి వాయిదా వేయడం తెలియదు, మనుషులకు తెలుసు. రోడ్డు స్థలం తగ్గించిన సందర్భాలను పలు దేశాల నుంచి డెబ్బై దాకా పోగుచేసి బ్రిటన్ పరిశోధకులు 2002లో ప్రచురించారు. మార్చిన రోడ్డు మీద పూర్వం నడిచిన ట్రాఫిక్‌లో కొంత భాగం చుట్టుపక్కల ఏ రోడ్డు మీదా తేలలేదు. ఆ భాగం మధ్యస్థ విలువ, అంటే అన్ని సందర్భాలనూ వరుసలో పేరిస్తే నడిమధ్య వచ్చేది, సుమారు 11 శాతం. కొన్నిచోట్ల అంతకు చాలా ఎక్కువ, కొన్నిచోట్ల అసలు లేదు.

మూసివేతను సమర్థించేవాళ్లు ఈ అంకెను జెండాలా ఎగరేస్తారు. దాన్ని తిరగేసి చూడమంటాను. 43,000లో 11 శాతం మాయమైతే 4,700. మిగిలిన 38,000 పైచిలుకు ఎక్కడో ఒకచోట ఉండాలి. ఇది పారిస్‌లో కొలిచిన లెక్క కాదు, కాగితం అంచున వేసుకున్న లెక్క. అయినా చర్చ ఎక్కడ జరగాలో అది చూపిస్తుంది.

పారిస్‌లో ఆ బరువు ముందుగా పై గట్టు మీద పడింది. తూర్పు వైపు సాగే సెంజెర్మెన్ బులేవారు కొంత మోసింది, నగరం చుట్టూ తిరిగే రింగు రోడ్డు వైపు కొంత మళ్లింది. గాలి నాణ్యతను కొలిచే ఎయిర్‌పారిఫ్ సంస్థ 2017లో ఇచ్చిన ఫలితాలు వృత్తిలో ఉన్న ఎవరినీ ఆశ్చర్యపరచవు: మూసిన గట్టు పొడవునా గాలి మెరుగైంది, మూసిన భాగం ముగిసే చోట, వాహనాలు మళ్లిన రోడ్ల పక్కన పాడైంది. శబ్దాన్ని కొలిచే బ్రూయిట్‌పారిఫ్ లెక్కల్లోనూ అదే తీరు. కింద నిశ్శబ్దం, పై గట్టున హోరు. రాత్రివేళ ఆ పెరుగుదల మరీ తెలిసింది.

కొసల దగ్గరే ఎందుకు? రెండు ప్రవాహాలు ఒకటిగా ముడిపడే కూడలి దగ్గర క్యూ పుడుతుంది. దాని తోక ఎక్కడ ఆగితే అక్కడ కార్లు ఆగుతూ కదులుతూ ఉంటాయి. ఒకే వేగంతో సాగే కారు కన్నా ఆగి కదిలే కారు ఎక్కువ పొగ వదులుతుంది, సిగ్నల్ పచ్చబడిన ప్రతిసారీ ఇంజిన్ల గర్జన లేస్తుంది. పగలు నగరపు రొదలో అది కలిసిపోతుంది. రాత్రి రెండింటికి, పై గట్టు మీద మూడో అంతస్తు కిటికీ వెనక పడుకున్న మనిషికి కలిసిపోదు. మూసివేత వల్ల లాభపడినవాళ్లు వేలల్లో ఉండి వారానికొకసారి వస్తారు. నష్టపోయినవాళ్లు కొద్దిమంది, కానీ ప్రతి రాత్రీ అక్కడే ఉంటారు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక నదీతీర రోడ్డు ప్రయోగాత్మక మూసివేతకు మా బృందం ముందస్తు లెక్కింపు చేసింది. గడువు మీద పడుతోందని సెలవులు నడుస్తున్న వారంలో రోడ్డు మీద వాహనాలను లెక్కించే రబ్బరు గొట్టాలు పరిచాం. అంకెలు తక్కువొచ్చాయి. మూసిన తరవాతి లెక్కింపు మామూలు వారంలో జరిగింది. దాంతో చుట్టుపక్కల రోడ్ల మీద ట్రాఫిక్ భయంకరంగా పెరిగినట్టు మా నివేదికే మాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. సవరణ పత్రం రాశాం, ఎవరూ చదవలేదు. ఒకసారి వార్తల్లో పడిన అంకెను వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. పారిస్ కేసు చదువుతుంటే ఆ వారం గుర్తొస్తూనే ఉంటుంది.

గాలి పేరుతో ఓడి, అందం పేరుతో గెలిచి

కౌన్సిల్ ఓటుకు ముందే, 2016 ఆగస్టులో, ప్రజాభిప్రాయం సేకరించిన విచారణ సంఘం పథకానికి వ్యతిరేకంగా అభిప్రాయం ఇచ్చింది. ఆ అభిప్రాయానికి నగరం కట్టుబడాల్సిన పని లేదు. మేయర్ అన్నే హిడాల్గో ముందుకే వెళ్లారు. ట్రాఫిక్ అధికారాల్లో వాటా ఉన్న పోలీస్ ప్రిఫెక్ట్, అంటే కేంద్ర ప్రభుత్వం నియమించే పోలీసు అధిపతి, ఆరు నెలల పరిశీలన షరతు పెట్టారు, అవసరమైతే వెనక్కి మళ్లేలా ఏర్పాట్లు ఉండాలన్నారు.

2018 ఫిబ్రవరి 21న పారిస్ పరిపాలనా న్యాయస్థానం మూసివేతను కొట్టివేసింది. కారణం చదివితే నాలాంటివాళ్లకు చెమట పడుతుంది. రోడ్డు మూయడం తప్పని కోర్టు అనలేదు. ప్రభావ అంచనా నివేదికలో పొరపాట్లు, లోపాలు ఉన్నాయంది. ట్రాఫిక్, పొగ, శబ్దం మీద పడే ప్రభావాన్ని సరిగ్గా తేల్చలేదంది. పొగ లెక్కను గట్టు పక్కన సన్నటి పట్టీకే పరిమితం చేసి, కార్లు బారులు తీరితే కలిగే ప్రభావాన్ని వదిలేశారంది. అంటే నివేదిక రాసినవాళ్లు మూసిన రోడ్డును చూశారు, క్యూ తోకను చూడలేదు. మేము సెలవుల వారంలో గొట్టాలు పరిచినట్టే.

నగరం ఆగలేదు. రెండు వారాలు తిరగకుండానే, మార్చి 6న, మేయర్ కొత్త ఉత్తర్వు జారీ చేశారు. రోడ్డు అదే, పొడవు అదే, కారణం వేరు. సెన్ గట్లు 1991లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఆ దృశ్యాన్ని, పర్యాటక విలువను కాపాడటానికి వాహనాలను నిషేధిస్తున్నామన్నారు. స్థలాల సౌందర్య రక్షణ కోసం, పర్యాటక అవసరాల కోసం వాహనాలను ఆపే అధికారం ఫ్రెంచి చట్టం మేయర్లకు ఇస్తుంది. అక్టోబరు 22న అప్పీలు కోర్టు పాత నిర్ణయం చెల్లదని ఖాయం చేసింది. మూడు రోజుల తరవాత, 25న, కింది కోర్టు కొత్త ఉత్తర్వు చెల్లుతుందని చెప్పింది. 2019 జూన్‌లో అప్పీలు కోర్టు కూడా అదే మాటన్నది. ఈ తిరకాసు నడుస్తున్నంత కాలం కింది గట్టు మీద ఒక్క కారు కూడా నడవలేదు.

గాలి పేరుతో మూసిన రోడ్డు అందం పేరుతో నిలబడింది. ఇది గడుసుతనమా, నిజాయితీయా? నాకు రెండోదే అనిపిస్తుంది, కొంచెం ఆలస్యంగా వచ్చిన నిజాయితీ. 3.3 కిలోమీటర్ల మూసివేతతో కోటి ఇరవై లక్షల మంది ఉన్న మహానగర ప్రాంతపు గాలి శుభ్రపడుతుందని చెప్పడం మొదటి నుంచీ అతిగా ఉంది. నది పక్కన నడిచే హక్కు కోసం మూస్తున్నామని మొదటి రోజే రాసుంటే, సన్నటి పట్టీలో పొగ లెక్కలు వేసి చేతులు కాల్చుకునే అవసరం తగ్గేది. పూర్తిగా పోయేదని అనను. ఆ సైజు పథకానికి ప్రభావ అంచనా ఎలాగూ తప్పదు.

వ్యతిరేకించినవాళ్లను కార్ల ప్రేమికులుగా కొట్టిపారేయడం కూడా సరికాదు. పారిస్‌నూ దాని శివార్లనూ కలిపిన ఈల్ ద ఫ్రాన్స్ ప్రాంతీయ మండలి అధ్యక్షురాలు వాలెరీ పెక్రెస్ ఈ మూసివేతను గట్టిగా ఎదిరించారు. రాజకీయం ఉంది, కాదనను. కానీ ఆ రోడ్డు మీద నడిచిన కార్లలో చాలావాటి యజమానులు శివార్లవాళ్లు. వాళ్లకు పారిస్ మేయర్ ఎన్నికలో ఓటు లేదు. రైలు సరిగ్గా అందని శివారు నుంచి తెల్లవారుజామున పనికొచ్చే మనిషికి పోయిన ఇరవై నిమిషాలను ఏ పార్కూ తిరిగివ్వదు. నగరం లోపలివాళ్లు నిర్ణయించి, బయటివాళ్లు చెల్లించే మూసివేత ఏదైనా ఈ ప్రశ్నను ఎదుర్కొంటుంది. దీనికి పారిస్ ఇచ్చిన జవాబు నాకు చాలినంతగా అనిపించలేదు.

తవ్వనివాళ్లు, తవ్వినవాళ్లు

ఇతర నగరాల సంగతి రెండు మాటల్లో. డ్యూసెల్‌డార్ఫ్ రైన్ నది పక్క ట్రాఫిక్‌ను 1993లో సొరంగంలోకి దించి పైన తీరవిహారం కట్టింది. మాద్రిద్ కూడా మన్సనారెస్ నది పక్కన ఉన్న ఎం-30 రహదారిని భూమిలోకి తోసి, పైన పార్కు పెంచింది. ఖర్చు కళ్లు తిరిగేంత, కార్లు మాత్రం తగ్గలేదు. పోర్ట్‌లాండ్ 1974లో నదీతీర హార్బర్ డ్రైవ్‌ను తీసేసి పార్కు చేసింది. సియోల్ 2005 నాటికి ఎత్తయిన రహదారిని కూలగొట్టి చంగ్‌యెచన్ వాగును బయటికి తెచ్చింది. పారిస్ తవ్వలేదు, కూల్చలేదు. అడ్డంకులు పెట్టి, బల్లలు వేసి, మొక్కలు నాటింది. మళ్లీ రోడ్డుగా మార్చాలంటే కొద్ది రోజుల పని. ప్రిఫెక్ట్ ఒప్పుకోవడానికి అదొక కారణమనుకుంటాను. ప్రత్యర్థి చేతిలో కూడా తాళంచెవి ఉంటే తలుపు మూయడానికి అతను అంతగా భయపడడు.

తేలికగా తీసేయగల సామాను పెట్టడానికి ఇంకో కారణం నదే. కింది గట్టు వరద దారి. 1910లో ఆస్తర్లిట్జ్ వంతెన నీటిమట్టపు కొలమానం దగ్గర సెన్ 8.62 మీటర్లు చూపింది. 2016 జూన్‌లో 6.10 మీటర్లకు ఎక్కింది. అప్పుడు మునిగింది ఎక్స్‌ప్రెస్ రోడ్డు. 2018 జనవరి చివర 5.8 మీటర్లు దాటింది. ఈసారి మునిగింది పార్కు. కోర్టు తీర్పుకు మూడు వారాల ముందు ఆ పార్కు నీళ్ల కిందే ఉంది. నది పొంగినప్పుడల్లా ఈ రోడ్డు ఎలాగూ మూతపడేది, నగరం ఎలాగో సర్దుకునేది. ఆ బలవంతపు మూసివేతల్లో ఏ కూడలి ముందు బిగుసుకుంది, ఏ బస్సు ఎంత ఆలస్యమైంది అన్న లెక్కలే నాకైతే ఏ కంప్యూటర్ నమూనా కన్నా విలువైనవి. నది గట్టు రోడ్డు మూయాలనుకునే నగరానికి వరద రోజుల పాత రిజిస్టర్లు ఉంటే ముందు అవి తీయించండి.

2025 జులైలో సెన్‌లో ఈతకు మూడు చోట్ల అనుమతించారు. 1923 నుంచి నిషేధం ఉన్న నది అది. ఆ మూడింటిలో ఒకటి పోన్ మారీ వంతెన కింద సాగే మారీ అనే నదీపాయలో, సరిగ్గా ఈ మూసిన గట్టు పక్కనే. అరవైల్లో రేవును రోడ్డుకు అప్పగించినవాళ్లెవరూ అక్కడ తువాళ్లు ఆరేస్తారని ఊహించి ఉండరు.

నేను అక్కడున్న చివరి సాయంత్రం పై గట్టు మీద నిలబడి కూడలి దగ్గర క్యూ ఎంతదాకా వస్తోందో చూస్తున్నాను. చంటిబిడ్డ బండి తోసుకుంటూ ఒకావిడ ఆగి, కిందికి దిగడానికి మెట్లు కాకుండా ఇంకేదైనా దారి ఉందా అని అడిగింది. కార్లు దిగిన పాత ర్యాంపు వైపు చూపించాను. దాన్ని చేరాలంటే ముందు పై గట్టు రోడ్డు దాటాలి. కింద మూసిన ట్రాఫిక్ అంతా పైన మా ముందు నుంచే వెళ్తోంది. సిగ్నల్ మారేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.